అటక మీది పాత తుపాకి



డెబ్బై ఐదు వసంతాల పండుగనాడు తెలుగు బడి వేదిక మీద తుపాకి ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. ఈ ప్రసంగానికి తుపాకి పేల్చడంతో పని లేదు. ఏ ఇంటి అటక మీదనో, ఏ పశువుల కొట్టం దూలాల నడుమనో గుడ్డ చుట్టి దాచిన పాత తుపాకి ఒకటి దొరికినప్పుడు, తుప్పు పట్టిన దాని గొట్టాన్ని ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఇక్కడి విషయం. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుందని ఈ బడి పిల్లలందరూ చదువుకొన్నదే. ఆ ఒక్క వాక్యం వెనుక ఎంత పని ఉన్నదో, ఎంత ఓర్పు కావలసి ఉన్నదో తెలుసుకోవడానికి పాత తుపాకి గొట్టం మంచి పాఠం.

జూజువాడి దారి మీది ఊరు. ఒక పక్క కర్ణాటకలోని అత్తిబెలె, మరొక పక్క హోసూరు. బెంగుళూరు నుండి కృష్ణగిరికి పోయే రహదారి ఈ ఊరిని ఒరుసుకొని పోతుంది. నేడు ఆ దారిన లారీలు నడుస్తున్నాయి. రెండు వందల ఏళ్ళకు పూర్వం ఈ సీమలో సేనలు నడిచాయి. 1791 మార్చిలో బెంగుళూరు కోటను పట్టుకొన్న కారన్‌వాలిస్ సేనలు అదే ఏడు జూలైలో హోసూరును, రాయకోటను ఆక్రమించాయి. నవంబరులో కృష్ణగిరి మీద మాక్స్‌వెల్ నడిపిన దాడి మాత్రం కొండ మీది కోటను సాధించలేక వెనుదిరిగింది. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో బారామహల్ కుంపెనీ పాలనలోకి పోయింది. 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత హోసూరు సీమ కూడా ఆ దారినే పోయింది. ఆ యుద్ధాలలో ఇరుపక్షాల సిపాయిల చేతిలో ఉన్నవి ప్రధానంగా మూతి నుండి మందు, గుండు దట్టించి, చెకుముకి రాతి నిప్పురవ్వతో పేల్చే తుపాకులే.

సేనలు పోయాయి గాని ఆ పద్ధతి పోలేదు. తరువాతి తరాలలో అడవిపందుల బారి నుండి పంటను కాచుకొనడానికి అదే తీరున నాటు తుపాకులు తయారయ్యాయి. కనుక ఈ సీమలో బయటపడిన ప్రతి గొట్టమూ టిప్పు కాలంనాటిది కాదు. ఒకటి రెండు శతాబ్దాల నాటిది కావచ్చు, మరొకటి తాతగారి కాలంలో ఏ కమ్మరి కొలిమిలోనో పుట్టినది కావచ్చు. ఈ తేడాను చెప్పగలిగినది ఇంటివారి జ్ఞాపకం కాదు, ఆ గొట్టం మీది గుర్తులు. శ్రీరంగపట్నం కార్ఖానాలలో చేసిన మేలురకపు తుపాకుల మీద పులిచారలు, పులితలలు, అక్షరాలు, టిప్పు తానే ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు సంవత్సరాలు ఉంటాయి. కొన్నింటిలో వెండి, బంగారు తీగ పొదుగు కూడా ఉంటుంది. కుంపెనీ తుపాకుల మీద పరీక్షాముద్రలు, తయారీదారుల గుర్తులు కనిపిస్తాయి. ఇవన్నీ లోహపు పై పొరలోనే, వెంట్రుక మందంలోనే ఉంటాయి. తుప్పు కూడా మొదట పట్టేది అక్కడే. తుప్పును తీయబోయి గుర్తును తీసివేస్తే ఆ వస్తువు మూగదవుతుంది. ఇక్కడి చిక్కంతా ఇదే.

గొట్టం లోపలి భాగం కూడా చరిత్ర చెబుతుంది. పాత సిపాయి తుపాకి లోపల నునుపుగా ఉంటుంది. గొట్టం లోపలి గోడ మీద మెలికలు తిరిగే గాడులు తొలిస్తే అది రైఫిలు అవుతుంది. ఆ గాడుల వలన గుండు బొంగరంలాగా తిరుగుతూ గురి తప్పకుండా పోతుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళాలు, గాడులు మూడు. ఆ గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. అంటే ఆ గొట్టంలో సరిగ్గా అర చుట్టు మాత్రమే. 1857 తిరుగుబాటు తరువాత భారత సిపాయిలకు ఆ రైఫిలు ఇవ్వడానికి తెల్లదొరలు వెనుకాడి, పైకి అదే రూపంతో, లోపల గాడులు లేని తుపాకులను చేయించి ఇచ్చారు. అటువంటి గొట్టంలోకి చూచి, గాడులను తుప్పు తినివేసిందని అనుకొంటే పొరపాటు. అక్కడ లేని గాడే చరిత్రకు సాక్ష్యం. మెరుపు కోసం లోపల ఎమరీ గుడ్డ చుట్టిన కడ్డీ పెట్టి లేత్ యంత్రం మీద తిప్పితే ఆ సాక్ష్యం మిగలదు.

పనిలోకి దిగే ముందు రెండు హెచ్చరికలు అవసరం.

మొదటిది ప్రాణానికి సంబంధించినది. మూతి నుండి దట్టించే తుపాకిలో మందు ఉన్నదీ లేనిదీ పైకి కనిపించదు. దట్టించి, పేల్చకుండా గోడకు ఆనించి మరచిపోయిన తుపాకులు తరాల తరువాత కూడా మందుతోనే దొరికిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. మందు పొడిగా ఉన్నంతకాలం నూరేళ్ళయినా దానికి నిప్పంటుకొనే గుణం పోదు. కనుక పాత గొట్టాన్ని ఎవరి వైపూ తిప్పకూడదు, దాని మూతికి ఎదురుగా నిలబడకూడదు. ఒక సన్నని కర్రను పక్క నుండి నెమ్మదిగా లోపలికి జొనిపి, అది ఆగినచోట గుర్తుపెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. నిప్పు అందుకొనే రంజకపు రంధ్రం దాకా కర్ర రాకుండా రెండు మూడు వేళ్ళ దూరంలోనే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నది. అది మట్టి కావచ్చు, కందిరీగ గూడు కావచ్చు, మందు కావచ్చు. అప్పుడు వేడి చేయడం, తొలవడం, అడుగు మర విప్పబోవడం, సుత్తితో తట్టడం ఏదీ చేయరాదు. అక్కడితో చేయి తీసి పోలీసులకు తెలియజేయడమే బుద్ధిమంతుల పని.

రెండవది చట్టానికి సంబంధించినది. 1959 నాటి ఆయుధ చట్టం 45వ విభాగం ప్రకారం, కాలం చెల్లిన నమూనా అయినా, పురావస్తువుగా విలువ కలిగినదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకున్నా పేల్చడానికి పనికిరాని ఆయుధానికి మాత్రమే మినహాయింపు ఉన్నది. 'మరమ్మతు చేసినా' అన్న మాటను గమనించాలి. బాగుచేస్తే పేలగలిగే తుపాకి, తుప్పు పట్టి అటక మీద పడి ఉన్నా, చట్టం దృష్టిలో తుపాకియే. దానికి లైసెన్సు కావాలి. లైసెన్సు లేనివారు తుపాకి మరమ్మతు చేయడం కూడా నేరమే. ఒక వస్తువు ఏ కోవలోకి వస్తుందో తేల్చవలసినది ఇంటివారు కాదు, అధికారులు. నూరేళ్ళు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కూడా వర్తించవచ్చు. అందువలన పాత తుపాకిని కాపాడడమంటే దానిని మళ్ళీ పేలేటట్లు చేయడం కానే కాదు. దానికి ఆయుధంగా బ్రతుకు ముగిసింది. సాక్ష్యంగా బ్రతుకు మొదలైంది.

ఇక తుప్పు స్వభావం. తుప్పంతా ఒక్కటి కాదు. ఎర్రగా, పొడిగా, వేలితో రుద్దితే రాలేది ఒక రకం. నల్లగా, గట్టిగా, లోహాన్ని అంటిపెట్టుకొని ఉండేది మరొక రకం. ఎర్రది స్పంజి వంటిది. గాలిలోని తేమను పీల్చి లోపలి ఇనుముకు అందిస్తుంది, తాను పెరుగుతూ లోహాన్ని తింటుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే మరలు బిగుసుకొనిపోతాయి, పొరలు పొరలుగా లేస్తాయి. నల్లని పొర అలా కాదు, అది చాలావరకు లోహానికి కవచం. పాత తుపాకి పనివారికి ఈ రహస్యం తెలుసు. వారు కొత్త గొట్టానికి కావాలనే ఆమ్లపు నీరు పూసి సన్నని తుప్పు పట్టించి, వదులుగా ఉన్నదాన్ని బురుసుతో తీసి, మళ్ళీ పట్టించి, ఇలా అనేకసార్లు చేసి, చివరకు మరిగే నీటిలో కడిగి నూనె పూసేవారు. అలా వచ్చిన గోధుమ రంగు, నల్ల రంగు ఆ గొట్టానికి పుట్టుకతో వచ్చిన చర్మం. ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా నిలవడానికి కూడా అటువంటి పొరే కారణమని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు తెలిపాయి. ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరం వలన దాని మీద పలుచని రక్షణపొర ఏర్పడింది. తుప్పులో శత్రువునూ కాపలాదారునూ వేరు చేసి చూడగలగడమే ఈ విద్యలో తొలి మెట్టు.

తుపాకి గొట్టానికి మరొక ప్రత్యేక బాధ ఉన్నది. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా వాయువుగా మారదు. లవణాల మసిగా మారి కొంతభాగం లోపలి గోడలకు అంటుకొంటుంది. ఆ లవణాలు తేమను పిలుస్తాయి. పేల్చినవాడు ఆనాడే వేడినీటితో కడిగి ఆరబెట్టకపోతే గొట్టం లోపలి నుండి తినివేయబడుతుంది. ఆ లవణాలు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు. కడగకుండా నూనె పూస్తే రోగాన్ని లోపల పెట్టి తలుపు మూసినట్లే. హోసూరు సీమ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలపు తెల్లవారు జాములలో చల్లబడిన ఇనుము మీద మంచు చెమ్మ దిగుతుంది. లోపల ఉప్పు, బయట చెమ్మ ఉన్నప్పుడు నూనె మరక ఎంతకాలం ఆపగలదు?

ఈ ఊరి చుట్టూ సిప్కాట్ పారిశ్రామికవాడ ఉన్నది. సానచక్రం, బఫింగ్ చక్రం, ఆమ్లపు తొట్టి ఏ వీధిలోనైనా దొరుకుతాయి. ఈ బడి పూర్వ విద్యార్థులలో ఇనుముతో పనిచేసేవారూ ఉండవచ్చు. చేతిలో పనితనం, అందుబాటులో యంత్రం, ఎదురుగా ఆయుధపూజ పండుగ ఉన్నప్పుడు, తాతగారి తుపాకిని అద్దంలా మెరిపించాలనే కోరిక పుట్టడం సహజం. అది భక్తితో చేసే పనే, కాని దాని ఫలితం తుప్పు చేసే నష్టం కన్న ఎక్కువ. నూరేళ్ళలో తుప్పు తినలేని అక్షరాన్ని చక్రం అరక్షణంలో తుడిచిపెడుతుంది. ఆమ్లంలో ముంచితే తుప్పుతోపాటు మంచి ఇనుమూ కరుగుతుంది, పగుళ్ళలో మిగిలిన ఆమ్లం కొత్త తుప్పుకు విత్తనమవుతుంది. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో తోమడం కూడా ఇనుము విషయంలో అదే తప్పు.

మరి చేయదగినది ఏమిటి? గొట్టంలో ఏమీ లేదని తేలి, అధికారుల అనుమతి లభించిన తరువాత జరిగే పని ఇది.

ముందుగా ఉన్నది ఉన్నట్లు ఛాయాచిత్రాలు తీయాలి. పొడవు, వ్యాసం, కనిపించిన ప్రతి గుర్తు కాగితం మీద రాసుకోవాలి. గొట్టాన్ని కర్రకు బిగించిన మేకులు సులభంగా రాకపోతే బలవంతం చేయకూడదు. మెత్తని బురుసుతో దుమ్ము దులిపి, వదులుగా ఉన్న ఎర్ర తుప్పును మాత్రమే తీయాలి. గట్టిగా ఉన్నచోట పలుచని యంత్రపు నూనె ఒక చుక్క వేసి, రోజుల తరబడి నాననిచ్చి, వెదురు పుల్లతోనో, లోహం కన్న మెత్తనైన మరొక పనిముట్టుతోనో నెమ్మదిగా ఎత్తాలి. మెరుపు కనబడగానే ఆగడం కాదు, మెరుపు కనబడక ముందే ఆగాలి. నునుపైన నల్లని పొర తగిలినచోట చేయి నిలపాలి. ముందు చేతికి కనిపించని మూలలో వేలెడు మేర చేసి చూచి, తరువాతనే మిగిలిన భాగానికి పోవాలి.

తుప్పు పొరల కింద ఉప్పు దాగి ఉంటే, తుడిచిన కొన్నాళ్ళకే గొట్టం మీద తేనె రంగు చెమట బొట్లు కనిపిస్తాయి. అప్పుడు ఇంటి వైద్యం చాలదు. వస్తు సంరక్షణశాలలలో అటువంటి ఇనుమును క్షార ద్రావణంలో వారాలు, నెలల తరబడి నానబెట్టి ఉప్పును బయటకు రప్పిస్తారు. విద్యుత్తు సాయంతో తుప్పును వదిలించే పద్ధతి కూడా ఉన్నది. ఈ విద్యలో దక్షిణదేశానికి గర్వకారణమైన చరిత్ర ఉన్నది. మద్రాసు ప్రభుత్వ వస్తు ప్రదర్శనశాలలో 1930లోనే రసాయనిక సంరక్షణ ప్రయోగశాల ఏర్పడింది. అక్కడ డాక్టర్ ఎస్. పరమశివన్ చిలుము పట్టి పాడవుతున్న కంచు విగ్రహాలను విద్యుద్విశ్లేషణ ద్వారా బాగుచేశారు. ఆ పద్ధతి సూత్రాన్ని పాఠశాల ప్రయోగశాలలో ఒక తుప్పు మేకుతో చూపవచ్చు. చాకలి సోడా కలిపిన నీటిలో మేకును ఋణధ్రువానికి, మామూలు ఇనుప ముక్కను ధనధ్రువానికి తగిలించి, స్వల్ప విద్యుత్తు పంపితే మేకు తుప్పు నెమ్మదిగా వదులవుతుంది. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు; విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలో చేరతాయి. ఉదజని వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా, ఉపాధ్యాయుల ఎదుటనే చేయాలి. అయితే మేకుకు పనికివచ్చినది తుపాకికి పనికిరాకపోవచ్చు. లోపల లోహం మిగలక తుప్పుగానే నిలిచి ఉన్న భాగం ఆ నీటిలో విడిపోతుంది, వెండి పొదుగు ఊడిపోతుంది, పుట్టుకతో వచ్చిన చర్మం లేచిపోతుంది.

మరొక ఉపాయానికి మూలం తెలుగువారి ఇళ్ళలోనే ఉన్నది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకొన్న తరాలు ఇక్కడివే. కరక్కాయలోని వగరు అన్నభేదిలోని ఇనుముతో కలిసి నీలినలుపు రంగునిస్తుంది. తంగేడు పట్టతో తోలు పదును చేయడంలో ఉన్నదీ ఆ వగరే. టానిక్ ఆమ్లం ఆ వగరు కోవకు చెందినదే. శుద్ధి చేసిన టానిక్ ఆమ్లాన్ని పలుచగా పూస్తే మిగిలిన ఎర్ర తుప్పు నీలినల్లని స్థిరమైన పొరగా మారుతుంది. సంరక్షకులు దీనిని ఇనుప వస్తువులకు వాడుతున్నారు. రంగు మారుతుంది కనుక పొదుగుపని, పాత గోధుమ చర్మం ఉన్న గొట్టాలకు మాత్రం ఇది తగదు.

చివరకు బాగా ఆరిన గొట్టానికి పలుచగా మైనం పూయాలి. తేనెమైనంలో కొద్దిగా ఆమ్లగుణం ఉండడం వలన సంరక్షణశాలలలో ఖనిజ తైలం నుండి తీసిన సూక్ష్మ స్ఫటిక మైనం వాడతారు. కొబ్బరినూనె, నువ్వులనూనె వంటివి కాలక్రమాన పులిసి, జిగటపడి, దుమ్మును పట్టి ఉంచుతాయి. చేతి చెమటలో ఉప్పు ఉన్నది కనుక తొడుగులు లేకుండా పట్టుకొనకూడదు. గుడ్డలోను, తోలు సంచిలోను చుట్టి పెట్టకూడదు, అవి తేమను దాచుతాయి. ఆయుధపూజనాడు పసుపు కుంకుమలు పెట్టదలచినవారు పక్కన ఒక తమలపాకు మీద పెట్టి మొక్కితే, పూజా దక్కుతుంది, ఇనుమూ దక్కుతుంది.

ఇంత శ్రమ ఎందుకని ప్రశ్నించేవారికి షిమోగా జిల్లా నగర గ్రామం సమాధానం చెబుతుంది. పూర్వం బిదనూరు అని పేరున్న ఆ ఊరిలో 2018లో ఒక పాడుబడిన బావిని తవ్వగా, బురదలో తుపాకి మందు వాసన వచ్చింది. ఇంకా తవ్వితే వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. అవి హైదరలీ, టిప్పుల కాలపు మైసూరు రాకెట్లని పురావస్తు శాఖవారు గుర్తించారు. కుంపెనీ సేనలను కలవరపెట్టి, ఆ తరువాత ఇంగ్లండులో కాంగ్రీవ్ రాకెట్లకు ప్రేరణ అయిన ఆయుధాలవి. పైకి చూడడానికి తుప్పు పట్టిన గొట్టాలు మాత్రమే. వాటిని పాత ఇనుము కింద తూకానికి వేసి ఉంటే ఏ పుస్తకమూ ఆ లోటును తీర్చలేకపోయేది. తుప్పుతోనే ఉన్నందున వాటి లోపల మిగిలిన మందును సైతం పరీక్షించగలిగారు.

సభాసదులారా, ఇంట దొరికిన పాత వస్తువుకు రెండు అపాయాలు ఉన్నాయి. ఒకటి దానిని పట్టించుకోకపోవడం, రెండవది మితిమీరి పట్టించుకోవడం. మొదటిది తుప్పుకు అప్పగిస్తుంది, రెండవది చక్రానికి అప్పగిస్తుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఇరుకుదారి పేరే సంరక్షణ.

ఇంతకుముందు చెప్పిన 1972 నాటి చట్టంలో మరొక మాట ఉన్నది. ఇతర వస్తువులు పురావస్తువులు కావడానికి నూరేళ్ళు నిండాలి గాని, శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులకు, దస్త్రాలకు డెబ్బై ఐదేళ్ళు చాలు. ఈ బడి తొలినాటి హాజరుపట్టీలు, చేరిక పుస్తకాలు ఇప్పుడు ఆ వయస్సుకు వచ్చాయి. సరిహద్దు ఊరిలో తమ పిల్లలకు తెలుగు అక్షరం నేర్పించాలని నడిచివచ్చిన తల్లిదండ్రుల వేలిముద్రలు, సంతకాలు ఆ పుటలలో ఉంటాయి. తుపాకి గొట్టానికి చెప్పిన నియమమే వాటికీ వర్తిస్తుంది. ముందు ఛాయాచిత్రాలు తీయాలి, తేమ నుండి కాపాడాలి, జిగురు కాగితాలు అంటించకూడదు, కొత్త అట్ట కోసం పాత అట్టను పారవేయకూడదు. శతజయంతికి ఇంకా ఇరవై ఐదేళ్ళు ఉన్నాయి. ఆనాడు ఈ ఆవరణలో సమావేశమయ్యే వారికి ఆ పుటలు చదవడానికి వీలుగా అందాలంటే ఆ పని ఈ పండుగ పందిరి విప్పకముందే మొదలుకావాలి.

విద్యాలయానికి, విద్యార్థులకు శుభం కలుగుగాక.